స్పిరిట్ ఐలాండ్: ముందు మీరొక్కరే ఆడండి, తర్వాత స్నేహితులను పిలవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నలుగురు స్నేహితులు ఏడాదిగా ప్యాండెమిక్ ఆడుతున్నారు, అందరూ కలిసి ప్రపంచంలో పాకే వ్యాధులను ఆపే బోర్డ్ గేమ్ అది. ఈమధ్య స్పిరిట్ ఐలాండ్ కొన్నారు. అదీ కలిసి గెలిచే ఆటే, ఇందులో ఆటగాళ్ళు స్పిరిట్లు, అంటే ఒక ద్వీపపు ఆత్మలు, బయటి నుంచి వచ్చే ఆక్రమణదారులను ఆపాలి. తొలిసారి నలుగురూ కూర్చుంటే మూడున్నర గంటలు పట్టింది, ఓడిపోయారు, చివరి గంటలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటూ ఉండిపోయారు. అప్పటి నుంచి పెట్టె అల్మారాలోనే ఉంది. ఈ ఆటను ఒక్కరే ఆడుకుంటే పస ఉంటుందా, ఆ ముగ్గురిని మళ్ళీ బల్ల దగ్గరికి రప్పించడం ఎలా అని మీ ప్రశ్న.

రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. ముందు మీరొక్కరే ఆడి ఆటను చేతికి తెచ్చుకోండి. ఆ తర్వాతే వాళ్ళను పిలవండి. పిలిచాక మాత్రం మీకు తెలిసినదాంట్లో సగం నోట్లోనే ఉంచుకోవాలి. మొదటి రెండూ ఓపిక ఉంటే అయిపోతాయి. మూడోది నాకు అబ్బడానికి నాలుగేళ్ళు పట్టింది. నేను పదేళ్ళుగా ఇలాంటి కలిసి గెలిచే ఆటలు ఆడుతున్నాను. వారంలో ఒకటి రెండు రాత్రులు ఒక్కడినే, నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్‌లో మా ఇంట్లో ముగ్గురు నలుగురితో. కింద రాసేదంతా అలా తెలిసిందే.

మీ ఆట ఎందుకు చెడిందో ముందు చూద్దాం. మీకు తెలిసిన ప్యాండెమిక్ లెక్కతోనే మొదలుపెడతాను. 48 నగరాల కార్డులు, 5 ఈవెంట్ కార్డులు. నలుగురికి తలా 2 పంచితే 45 మిగులుతాయి. వ్యాధులను ఉధృతం చేసే 5 ఎపిడెమిక్ కార్డులు కలిపితే 50. వంతుకు 2 కార్డులు తీస్తాం కాబట్టి మొత్తం ఆటకు 25 వంతులు. ఇద్దరే ఆడితే తలా 4 పంచుతాం, అప్పుడూ అదే 25. అంటే మనుషులు పెరిగినంత మాత్రాన వంతులు పెరగవు. నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరి చేతికి ఆట వచ్చేది ఆరు సార్లే. మిగతా సమయమంతా పక్కవాళ్ళ వంతు గురించి మాట్లాడటమే. పైగా అన్నీ అందరి కళ్ళ ముందే ఉంటాయి. చెన్నైలో వ్యాధిని చూపే క్యూబ్‌లు మూడు ఉన్నాయని, ఇంకొకటి పడితే ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, బ్యాంకాక్, జకార్తాలకు పాకుతుందని నలుగురికీ కనిపిస్తుంది. ఎవరో ఒకరు చురుగ్గా లెక్క వేసేవాళ్ళుంటే వాళ్ళే నలుగురి వంతులూ ఆడేస్తారు. ఆల్ఫా ప్లేయర్ అనేది వీళ్ళనే. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆట వాళ్ళకు ఆ చోటు ఇస్తోంది అంతే.

స్పిరిట్ ఐలాండ్‌లో ఆ చోటు బాగా తక్కువ. ఆర్. ఎరిక్ రూస్ రూపొందించిన ఈ ఆట 2017లో వచ్చింది. ఇందులో ఒకరి తర్వాత ఒకరు ఆడటం లేదు, అందరూ ఒకేసారి ఆలోచిస్తారు. ఒక్కో స్పిరిట్‌కు నాలుగు సొంత కార్డులు, సొంత ఎదుగుదల దారులు, సొంత ప్రత్యేక నియమం. నలుగురి చేతుల్లో ఉన్నవన్నీ ఒక్క తలలో పట్టడం నిపుణులకు కూడా కష్టం. అందుకే ఇక్కడ పెత్తనం చేయడం కుదరదు. కానీ దీనికి ఒక మూల్యం ఉంది. ఎవరికైనా తన స్పిరిట్ అర్థం కాకపోతే పక్కవాడు ఆదుకోలేడు, పక్కవాడు తన గొడవలోనే మునిగి ఉంటాడు. అర్థం కాని మనిషి ఒక రౌండు అడుగుతాడు, రెండో రౌండు అడుగుతాడు, మూడో రౌండుకు ఫోన్ తీస్తాడు. మీ ఇంట్లో జరిగింది అదే అయి ఉంటుంది. ఆ ఇద్దరికీ ఆట నచ్చలేదని అప్పుడే అనుకోకండి. వాళ్ళకు ఆట ఇంకా అందలేదు.

అందుకే ఎవరో ఒకరు ముందే బాగా నేర్చుకుని ఉండాలి. ఆ ఒకరు మీరే. నేర్చుకోవడానికి ఒంటరిగా ఆడటాన్ని మించిన దారి లేదు. ఇది సర్దుబాటు ఏమీ కాదు. ఒకరి నుంచి నలుగురి వరకు అని పెట్టె మీదే ఉంటుంది, ఒక్కరు ఆడటానికి నియమాలు మార్చాల్సిన పనే లేదు. ఒక బోర్డు, ఎనిమిది నేలలు, ఒక స్పిరిట్, అంతే.

ఒంటరిగా ఆడేటప్పుడు మొదటి మూడు ఆటల్లో గెలుపు గురించి ఆలోచించకండి. ఒక్క విషయమే చూడండి: ఆక్రమణదారుల గడియారం. ఈ ఆటకు ప్రాణం అదే. ఒక కార్డు తిరగేస్తారు, అడవి అని వచ్చిందనుకోండి. ఈ రౌండులో అడవి నేలల్లోకి ఎక్స్‌ప్లోరర్లు, అంటే ముందుగా వచ్చే అన్వేషకులు, అడుగుపెడతారు. అదే కార్డు వచ్చే రౌండుకు పక్క గడిలోకి జరుగుతుంది, అప్పుడు అడవుల్లో టౌన్లు, సిటీలు కడతారు, ఆట భాషలో బిల్డ్. ఆ పై రౌండులో ఇంకో గడి జరుగుతుంది, అప్పుడు అడవులను ధ్వంసం చేస్తారు, ఆట భాషలో రావేజ్. అంటే ప్రతి విపత్తూ రెండు రౌండ్ల ముందే మీకు చెప్పి వస్తుంది. ప్యాండెమిక్‌లో ఏ నగరం మీద పడుతుందో ఊహించాలి. ఇక్కడ ఏది ఎప్పుడు పడుతుందో తెలుసు, దానికి ఏం చేస్తారన్నదే ప్రశ్న. ఈ ఆక్రమణ కార్డులు మొత్తం 12. అవి అయిపోయి ఇంకొకటి తీయాల్సి వస్తే ద్వీపం చేజారినట్టే.

ఒక నేలను దగ్గరగా చూద్దాం. ఒక అడవి. అందులో ఒక టౌన్, ఒక ఎక్స్‌ప్లోరర్, ఇద్దరు దహాన్లు ఉన్నారు. దహాన్లంటే ఆ ద్వీపంలో మొదటి నుంచీ ఉన్న జనం. ఈ రౌండులో అడవుల మీద రావేజ్ ఉంది. టౌన్ 2, ఎక్స్‌ప్లోరర్ 1, మొత్తం 3 దెబ్బలు. ఆ మూడూ నేలకు తగులుతాయి, దహాన్లకూ తగులుతాయి. నేలకు 2 లేదా అంతకంటే ఎక్కువ తగిలితే ఒక బ్లైట్, అంటే నేల పాడైందని చూపే గుర్తు, పడుతుంది. దహాన్‌కు ప్రాణం 2 కాబట్టి ఒకరు పోతారు, ఇంకొకరు గాయంతో మిగులుతారు. మిగిలినవాడు తిరిగి 2 దెబ్బలు కొడతాడు, టౌన్ కూలుతుంది. ఇదంతా మీరేమీ చేయకపోతే జరిగేది.

ఇప్పుడు అదే నేలకు డిఫెండ్ 3, అంటే 3 దెబ్బలు ఆపే రక్షణ, పెట్టండి. దెబ్బలు సున్నా అయ్యాయి. బ్లైట్ లేదు, దహాన్లు ఇద్దరూ క్షేమం. ఇద్దరూ కలిసి 4 దెబ్బలు తిరిగి కొడతారు. టౌన్‌కు 2, ఎక్స్‌ప్లోరర్‌కు 1, ఆ నేల ఖాళీ. మీరు ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, కాపాడారంతే. కాపాడటమే ఎదురుదాడి అయింది. కొత్తవాళ్ళు చాలామంది డిఫెండ్ కార్డులను చిన్నచూపు చూసి దెబ్బలు కొట్టే కార్డుల వెంట పడతారు. దహాన్లు ఉన్న చోట డిఫెండ్‌ను మించిన ఆయుధం లేదని ఈ ఒక్క నేలతో తెలిసిపోతుంది.

ఇంకొకటి చేసి చూడండి. డిఫెండ్ లేదు, ఎక్స్‌ప్లోరర్‌ను మాత్రం పక్క నేలకు నెట్టేశారు. మిగిలింది టౌన్, దెబ్బలు 2. బ్లైట్ పడింది, ఒక దహాన్ పోయాడు, మిగిలినవాడు టౌన్‌ను కూల్చాడు. అంటే కార్డు ఖర్చు పెట్టి మీరు సాధించింది దాదాపు శూన్యం. ఏదో ఒకటి చేశామన్న తృప్తి కోసం చేసే పనులు ఈ ఆటలో ఇలాగే వృథా అవుతాయి. నలుగురి మధ్య కూర్చుని ఈ లెక్కలు వేయడం కష్టం. ఒక్కరే ఉన్నప్పుడు అయిదు నిమిషాలు తీసుకుని మూడు దారులూ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఒంటరి ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ తీరికే.

ఇక ఫాస్ట్, స్లో కార్డుల సంగతి. ఫాస్ట్ కార్డులు ఆక్రమణదారుల కంటే ముందు పనిచేస్తాయి, స్లో కార్డులు వాళ్ళ తర్వాత. మొదట్లో అందరూ స్లో అంటే ఆలస్యం, ఆలస్యమంటే బలహీనం అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే ఆడాను. నిజానికి ఈ రౌండు స్లో కార్డంటే వచ్చే రౌండుకు అందరికంటే ముందు పనిచేసిన కార్డు. ఎక్స్‌ప్లోరర్ ఈ రౌండులోనే ఒక ఖాళీ నేలలో అడుగుపెట్టాడు. ఆ వెంటనే మీ స్లో కార్డు వంతు వస్తుంది. దాన్ని ఎక్కడ వాడాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు కాబట్టి, కొత్తగా వచ్చినవాడిని అక్కడే తీసేయొచ్చు. వచ్చే రౌండు బిల్డ్ సమయానికి ఆ నేలలో ఆక్రమణదారులెవరూ ఉండరు, ఎవరూ లేకపోతే కట్టరు. కట్టకపోతే ఆ పై రౌండు రావేజ్‌కు కొట్టేవాడే లేడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, ఒక ప్రాణం ఉన్న ఎక్స్‌ప్లోరర్‌ను వదిలేస్తే రెండు రౌండ్ల తర్వాత టౌన్‌తో, ఇంకా వదిలేస్తే మూడు ప్రాణాల సిటీతో తలపడాలి. నది స్పిరిట్ చేతిలో ఉండే వాష్ అవే అనే కార్డు దీనికి మంచి ఉదాహరణ. ఖర్చు ఒక్క ఎనర్జీ (కార్డులు ఆడటానికి చెల్లించేది), స్లో కార్డు, మూడు వరకు ఎక్స్‌ప్లోరర్లను, టౌన్లను పక్క నేలకు నెట్టేయొచ్చు. చూడటానికి దెబ్బే లేని కార్డు. ఎవరినీ చంపదు, కానీ వచ్చే రౌండు కట్టబోయే నేలను ముందే ఖాళీ చేస్తుంది.

మొదటిసారి ఏ స్పిరిట్ తీసుకోవాలంటే, రివర్ సర్జెస్ ఇన్ సన్‌లైట్. మా బల్ల దగ్గర దాన్ని నది అనే అంటాం. తర్వాత వైటల్ స్ట్రెంత్ ఆఫ్ ది ఎర్త్, అంటే భూమి. లైట్నింగ్స్ స్విఫ్ట్ స్ట్రైక్, అంటే మెరుపు. తేలికైనవాటిలో నాలుగోది షాడోస్ ఫ్లికర్ లైక్ ఫ్లేమ్, దాన్ని కాస్త ఆగి తీయండి. ఓషన్స్ హంగ్రీ గ్రాస్ప్, బ్రింగర్ ఆఫ్ డ్రీమ్స్ అండ్ నైట్‌మేర్స్ అనేవి బొమ్మలు చూసి మనసు పారేసుకునేలా ఉంటాయి. పది ఆటల వరకు వాటి జోలికి వెళ్ళకండి. మొదటి రెండు ఆటల్లో పవర్ ప్రోగ్రెషన్ వాడండి. మామూలుగా కొత్త కార్డు పొందేటప్పుడు నాలుగు తీసి, చదివి, ఒకటి ఎంచుకోవాలి. ప్రోగ్రెషన్‌లో ఏది తర్వాత ఏదో వరస ముందే ఇచ్చి ఉంటుంది. నలుగురు కొత్తవాళ్ళు ప్రతి రౌండూ తలా నాలుగు కొత్త కార్డులు చదువుతూ కూర్చుంటే మూడున్నర గంటలు పట్టకుండా ఎలా ఉంటుంది? మీ ఆట అంతసేపు సాగడానికి సగం కారణం ఇదే కావచ్చు.

మిగతా సగం నియమాల్లో పొరపాట్లు. నేను నేర్పినవాళ్ళలో దాదాపు అందరూ చేసినవి చెబుతాను, మీ ఆటతో పోల్చి చూసుకోండి. రావేజ్‌లో ఎన్ని దెబ్బలు తగిలినా ఆ నేలకు పడే బ్లైట్ ఒకటే. ప్రతి రెండు దెబ్బలకూ ఒకటి వేస్తే ద్వీపం నాలుగో రౌండుకే పోతుంది. ఎక్స్‌ప్లోరర్లు ఆ రకం నేలలన్నింటిలోకీ రారు. టౌన్ గానీ సిటీ గానీ ఆ నేలలోనో దాని పక్కనో ఉండాలి, లేదా ఆ నేల సముద్రాన్ని ఆనుకుని ఉండాలి. లోతట్టు టౌన్లను తొలగిస్తే లోపలి సగం ద్వీపం ప్రశాంతంగా ఉండేది ఇందువల్లే. ఒక బిల్డ్‌లో ఒక నేలకు ఒకటే కట్టడం పెడతారు, టౌన్లు సిటీల కంటే ఎక్కువ ఉంటే సిటీ, లేకపోతే టౌన్. తగిలిన గాయాలు రౌండు చివర మానిపోతాయి. వాడని ఎనర్జీ తర్వాతి రౌండుకు ఉంటుంది, ఆడిన కార్డులు ఇచ్చే ఎలిమెంట్లు (నీరు, నిప్పు లాంటి గుర్తులు) మాత్రం ఉండవు. ఈ అయిదింటిలో రెండు తప్పుగా ఆడినా ఆట గెలవలేనిదిగా కనిపిస్తుంది.

ఒంటరిగా ఆడేటప్పుడు మనకు మనమే కాపలా. నేను ఒక్క కట్టుబాటు పెట్టుకున్నాను. కొత్త కార్డు తిరగేసే వరకు నా నిర్ణయాన్ని ఎన్నిసార్లైనా మార్చుకుంటాను, తిరగేశాక మార్చను. తెలియనిది తెలిశాక వెనక్కి వెళితే అది ఆలోచన కాదు. మధ్యలో నియమం తప్పు ఆడానని తెలిస్తే మాత్రం మొదటి నుంచి మొదలుపెట్టను, అక్కడి నుంచి సరిగా ఆడతాను. ఆట అయ్యాక చిన్న నోటుబుక్కులో మూడు వరుసలు రాస్తాను: ఏ స్పిరిట్, ఎన్నో రౌండులో ఆట తిరిగింది, ఏ నేలను ముందే చూడాల్సింది. అలా రాసిన ఇరవై ముప్పై ఆటలను ఒకసారి చదివితే ఓటములన్నీ మూడో నాలుగో రౌండులోనే మొదలయ్యాయని కనిపించింది. ఎనిమిదో రౌండులో కూలిన ద్వీపాన్ని నేను ఓడింది నాలుగో రౌండులోనే. అప్పటి నుంచి నా ఎదుగుదల దారులు ఎంచుకునే తీరే మారింది. దెబ్బలు కొట్టడం కంటే ముందు ప్రెజెన్స్, అంటే స్పిరిట్ ద్వీపంలో ఎక్కడెక్కడ ఉందో చూపే బిళ్ళలు, పరచుకోవడం మీద దృష్టి పెట్టాను.

బల్ల ఖాళీ చేయాల్సి వస్తే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి, మర్నాడు అదే చోటు నుంచి ఆడొచ్చు. రాత్రి పదిన్నరకు ఇల్లు సద్దుమణిగాక గంటన్నర ఇలా కూర్చుంటే రోజంతా ఆఫీసులో పేరుకున్న టెన్షన్ దిగిపోతుంది. స్క్రీన్ లేదు, చేతిలో చెక్క ముక్కలు, కళ్ళ ముందు ఒక తేలని చిక్కుముడి.

నాలుగైదు ఆటలయ్యాక రెండు చేతులతో ఆడటం మొదలుపెట్టండి. అంటే రెండు బోర్డులు, రెండు స్పిరిట్లు, రెండూ మీరే. భూమి, మెరుపు మంచి జంట. భూమి కాపాడుతుంది, మెరుపు కొడుతుంది. ఒక్క స్పిరిట్‌తో ఆడితే దాని లోటును ఎవరూ పూడ్చరు. రెండింటితో ఆడితేనే ఈ ఆటలో సాయం అంటే ఏమిటో తెలుస్తుంది. మీ స్నేహితులకు మీరు నేర్పాల్సింది అదే కాబట్టి, ఈ దశ దాటకుండా వాళ్ళను పిలవకండి.

ఇప్పుడు వాళ్ళ సంగతి. మళ్ళీ నలుగురితో మొదలుపెట్టొద్దు. ఆ ఇద్దరిలో ఒకరిని, ఎక్కువ విసుగు పడినవాళ్ళనే, ఒక్కరినే పిలవండి. ఇద్దరి ఆట గంటన్నరలో అయిపోతుంది. వాళ్ళు వచ్చేసరికి బోర్డు పరిచి, కార్డులు సర్ది ఉండాలి. పెట్టె తెరిచి అరగంట సర్దుతుంటే చూస్తూ కూర్చోవడంలోనే సగం ఉత్సాహం పోతుంది. నియమాలు పది నిమిషాలకు మించి చెప్పొద్దు. గడియారం చెప్పండి, నేను పైన చెప్పిన అడవి ఉదాహరణ బోర్డు మీద పెట్టి చూపించండి, ఆట మొదలుపెట్టండి. ఫియర్, అంటే ఆక్రమణదారుల్లో మనం పుట్టించే భయం, దాని కార్డుల గురించి మొదటి ఫియర్ కార్డు వచ్చినప్పుడు చెబితే చాలు. ఖర్చు ఎక్కువైన పెద్ద కార్డులు, అంటే మేజర్ పవర్ల గురించి ఆ రోజు ఎత్తనే వద్దు.

మా నాన్నగారికి ఈ ఆట చెప్పేటప్పుడు పులి-మేకతో మొదలుపెట్టాను. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు వైపులా బలం ఒకటి కాదు, పని కూడా ఒకటి కాదు. వెనక చోటు ఖాళీగా ఉన్న మేకనే పులి దూకి చంపగలదు, వెనక ఇంకో మేక ఉంటే ఏమీ చేయలేదు. మేకల వైపు ముగ్గురు కూర్చుని, పులులను ఒక యంత్రం ఆడిస్తోందనుకోండి నాన్నా అన్నాను. ఆయనకు అంతకు మించి వివరించాల్సిన అవసరం రాలేదు. ఆయన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం కథ. సముద్రం మీదుగా వచ్చినవాళ్ళు ముందు ఒడ్డున అడుగుపెట్టి, తర్వాత ఊరు కట్టి, తర్వాత నేలంతా తమదే అనడం. ఆయన పుట్టింది మచిలీపట్నం దగ్గర, 1611లో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం పెట్టిన రేవు. చాలా ఆటల్లో మనం ఊళ్ళు కట్టేవాళ్ళం, ఇందులో ఆపేవాళ్ళం. ఆయన ఆడిన ప్రతిసారీ ముందు దహాన్లను కాపాడాలనే చూస్తారు. దానివల్ల రెండు ఆటలు ఓడిపోయాం కూడా. నేను ఒక్కసారీ వద్దనలేదు.

బల్ల దగ్గర పనులు పంచండి. ఒకరు ఆక్రమణ కార్డులు తిప్పాలి, ఒకరు ఫియర్ లెక్క చూడాలి, ఒకరు బ్లైట్ పెట్టాలి. చేతిలో పని ఉన్న మనిషి ఫోన్ తీయడు. ప్రతి రౌండు మొదట్లో ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పాలి: ఈ రౌండులో నా చేత కానిది ఈ నేల. అంతే. ఏ కార్డు ఆడబోతున్నారో చెప్పక్కర్లేదు. సమస్య బల్ల మీద పెడితే దానికి సాయం చేయగలిగినవాళ్ళు తమంతట తామే ముందుకొస్తారు. నువ్వు ఈ కార్డు ఆడు అనడానికీ, ఆ ఇసుక నేల నాకు అందట్లేదు, ఎవరికైనా అందుతుందా అనడానికీ చాలా తేడా ఉంది.

ఆ తేడా తెలియక నేనొక స్నేహితుడిని ఈ బల్లకు దూరం చేసుకున్నాను. ఆరేడేళ్ళ కిందటి మాట. అతను నెమ్మదిగా ఆలోచిస్తాడు. నేను అతని కార్డులు వంగి చూసి, ఇది ఆడు, అక్కడ పెట్టు అని చెప్పేవాడిని. మేం వరసగా గెలిచాం. నాలుగు ఆదివారాలు వచ్చాడు, అయిదోసారి పని ఉందన్నాడు, ఆ తర్వాత రాలేదు. చాలాకాలానికి ఒక పెళ్ళిలో కలిసినప్పుడు, నేను ఉన్నా లేకున్నా మీరు గెలిచేవారు కదా అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు భోజనం సహించలేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో జరిగింది ఇంకొకటి. ముగ్గురం కూర్చున్నాం. నాది నది, మిగతా ఇద్దరివీ భూమి, మెరుపు. ఒక కొండ నేలలో ఒక సిటీ, ఒక టౌన్, ముగ్గురు దహాన్లు. ఆ రౌండులోనే కొండల మీద రావేజ్. వచ్చేది 5 దెబ్బలు. భూమి చేతిలో రిచ్యువల్స్ ఆఫ్ డిస్ట్రక్షన్ అనే కార్డు ఉంది. మామూలుగా 2 దెబ్బలు, ఆ నేలలో ముగ్గురు దహాన్లు ఉంటే ఇంకో 3, పైన 2 ఫియర్. మొత్తం 5 దెబ్బలు, సిటీకి 3, టౌన్‌కు 2, సరిగ్గా సరిపోతుంది. కానీ అది స్లో కార్డు. రావేజ్ అయ్యాక పనిచేస్తుంది, అప్పటికి ఇద్దరు దహాన్లు పోయి ఉంటారు, ముగ్గురు లేనిదే ఆ 3 రావు. భూమి ఆడుతున్నావిడ కార్డును బల్ల మీద పెట్టి, ఇది ఒక్క అడుగు ముందు పడితే చాలు అంది.

మెరుపు చేతిలో లైట్నింగ్స్ బూన్ ఉంది. ఎంచుకున్న స్పిరిట్ తన స్లో పవర్లను రెండింటి వరకు ఈ రౌండుకు ఫాస్ట్‌గా వాడుకోవచ్చు అని దాని మీద రాసి ఉంటుంది, ఖర్చు ఒకటి. రౌండు మొదలైనప్పుడే నాకది కనిపించింది. నాలుగు రౌండ్లుగా అతను ఆ కార్డును చేతిలో వెనక్కే పెడుతున్నాడు, తనకు పనికిరాదని. నేను లేచి మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి అతను ఆ కార్డును చదువుతున్నాడు, రెండోసారి పెదవులు కదుపుతూ. ఆగు, నీది ఇప్పుడే ఆడేయొచ్చేమో అన్నాడు. ఇద్దరూ కలిసి కార్డు మీద వంగారు. సిటీ కూలింది, టౌన్ కూలింది. కార్డుతో వచ్చిన ఫియర్ 2, సిటీకి 2, టౌన్‌కు 1, మొత్తం 5. ఆ కొండ మీద దహాన్లు ముగ్గురూ అలాగే నిలబడి ఉన్నారు. ఆ ఆట మేం ఓడిపోయాం. తర్వాతి ఆదివారం ఎప్పుడని ముందు అడిగింది అతనే.

మీ నలుగురిలో ఎవరికైనా ఇంత బరువైన ఆట అసలు పడదని తేలితే బలవంతం వద్దు. కలిసి గెలిచే ఆటల్లోనే తేలికైనవి, పెత్తనానికి చోటివ్వనివి ఉన్నాయి. హనాబిలో మీ కార్డులు మీకు తప్ప అందరికీ కనిపిస్తాయి, చిన్న పెట్టె, అరగంట ఆట. ది క్రూ తురుఫు ఉన్న పేకాట పద్ధతిలో నడుస్తుంది, 50 మిషన్లు, మాట్లాడుకోవడం మీదే కట్టడి. పేకాట తెలిసినవాళ్ళకు పావుగంటలో వచ్చేస్తుంది. గ్లూమ్‌హేవెన్ అనే భారీ సాహస ఆట మీద ఆశపడుతుంటే పెద్ద పెట్టె జోలికి పోకుండా దాని చిన్న రూపం జాస్ ఆఫ్ ది లయన్‌తో మొదలుపెట్టండి. మొదటి అయిదు అధ్యాయాలు ఆడిస్తూనే నేర్పుతాయి. స్పిరిట్ ఐలాండ్‌కు డిజిటల్ వెర్షన్ కూడా ఉంది, నియమం తప్పు ఆడనివ్వదు కాబట్టి అనుమానం తీర్చుకోవడానికి బాగుంటుంది. కానీ లెక్కలన్నీ అదే వేసేస్తుంది, ఆ అడవి నేల లెక్క మీ వేళ్ళకు అలవాటయ్యాకే దాని దగ్గరికి వెళ్ళండి.

ఎక్స్‌పాన్షన్లు, అంటే ఆటకు విడిగా అమ్మే అదనపు పెట్టెలు, ఇప్పుడే కొనకండి. పెట్టెలో 8 స్పిరిట్లు ఉన్నాయి, శత్రువులుగా నిలిపేందుకు బ్రాండెన్‌బర్గ్-ప్రష్యా, ఇంగ్లండ్, స్వీడన్ ఉన్నాయి, ఒక్కోదానికి ఆరు స్థాయిలు. శత్రువు లేకుండా మూడుసార్లు గెలిచాక ప్రష్యా ఒకటో స్థాయి పెట్టండి. స్థాయి పెరిగే కొద్దీ ఆక్రమణ కార్డులు తగ్గి గడియారం వేగం పెరుగుతుంది, కొత్త నియమాలు దాదాపు ఏమీ నేర్చుకోనక్కర్లేదు. నేను రెండేళ్ళపాటు మొదటి పెట్టెతోనే ఆడాను. ఈ రాత్రికి నదిని తీసి ఒక బోర్డు పరచండి, బ్లైట్ కార్డు, శత్రువు ఏదీ వద్దు. మొదటి కార్డు తిరగేశాక, మీ కార్డులు చూసుకునే ముందు, ఆ కార్డు రెండు రౌండ్ల తర్వాత ఎక్కడ ఉంటుందో వేలితో చూపించి, పైకే చెప్పండి.